తాబేలు మేతకి కూడా వస్తుంది

శ్రీకూర్మం వెళ్లినవాళ్లకి గుడి ఆవరణలో ఉండే నక్షత్ర తాబేళ్లు గుర్తుండే ఉంటాయి. మా నరసన్నపేట వాళ్లకైతే శ్రీకాకుళంలో బస్సు మారితే చాలు, కూర్మనాథుడి దర్శనం అయిపోతుంది. వాటిని కాసేపు చూస్తే గీత రెండో అధ్యాయం 58వ శ్లోకం తేలిగ్గా అర్థమవుతుంది. తాబేలు కాళ్లూ తలా లోపలికి లాక్కున్నట్టు ఇంద్రియాల్ని వెనక్కి తీసుకోగలిగినవాడి బుద్ధి నిలకడగా ఉంటుందని కృష్ణుడు చెప్తాడు.

ఫోన్ గురించి మాట్లాడేటప్పుడు ఈ శ్లోకాన్ని చాలామంది ఒకటే అర్థంలో వాడతారు. అన్నీ మూసెయ్, ఇన్‌స్టా తీసెయ్ అని. నాకది సగం మాటే అనిపిస్తుంది. తాబేలు ఎప్పుడూ చిప్పలోనే ఉంటే ఆకలితో చచ్చిపోతుంది కదా! మేతకి తల బయట పెడుతుంది. ఎప్పుడు బయటికి రావాలో, ఎప్పుడు లోపలికి పోవాలో దాని ఇష్టం. మనకి ఆ ఇష్టం మిగిలిందా?

సాఫ్ట్‌వేర్‌లో పని చేసేవాడిగా ఒక విషయం చెప్తాను. యూట్యూబ్ 2012లో వ్యూస్ కన్నా వాచ్ టైమ్‌కి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత లైకులు, సర్వేలు కూడా కలిపారు గానీ, ఎంతసేపు చూశారన్నది ఇప్పటికీ పెద్ద లెక్కే. మీరు భక్తితో ఆగారా, కోపంతో ఆగారా, ఊరికే బద్ధకించి ఆగారా అన్నది ఆ లెక్కకి అందదు.

చెడ్డ వీడియోల సంగతి వదిలేద్దాం, అవి చెడ్డవని మనకి తెలుసు. నా భయం మంచివాటి గురించే, మా చానెల్‌తో సహా. చాగంటి కోటేశ్వరరావు గారి గంటన్నర ప్రవచనంలోంచి నలభై సెకన్లు కోసి, వెనక ఫ్లూట్ పెట్టి రీల్ చేస్తారు. చూస్తాం, దణ్ణం ఎమోజీ పెడతాం. తర్వాతది క్రికెట్, ఆ తర్వాత ఎవరి పెళ్లిలోనో డాన్స్. రాముడు అడవికి బయల్దేరిన దుఃఖం మనసులోకి దిగడానికి టైమ్ ఎక్కడుంది? దేవుడి వీడియోనే కదా అని సరిపెట్టుకుంటాం. ప్రసాదమైనా నమలకుండా కుక్కుకుంటే అజీర్తే మరి.

ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుందని, అప్పుడు స్మృతి స్థిరపడుతుందని ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం చెప్తుంది. ఇక్కడ ఆహారమంటే తినే తిండి అని రామానుజుల వారు తీసుకున్నారు. శంకరులు మాత్రం ఇంద్రియాలు లోపలికి తెచ్చేదంతా ఆహారమే అన్నారు. వినేదీ, చూసేదీ అన్నీ. నన్ను ఎక్కువ ఆపిన మాట స్మృతి. అరగంట స్క్రోల్ చేసి ఇప్పుడే ఫోన్ పక్కన పెట్టినవాళ్లని ఏం చూశావని అడగండి. మూడు వీడియోలు చెప్పగలిగితే గొప్పే.

అదే చిన్నప్పుడు హరికథలు విన్న పెద్దవాళ్లని అడిగి చూడండి, కథలో ఒక ఘట్టమైనా చెప్తారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) పుట్టిన అజ్జాడ మన బొబ్బిలి దగ్గరే. ఆ రోజుల్లో కథ వినాలంటే పనులు తెముల్చుకుని, పందిరి దాకా నడిచివెళ్లి, కింద కూచోవాలి. వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లోనే తేలిపోయేది. పూజకి ముందు సంకల్పం చెప్పుకోవడం లాంటిదే అది. ఏ ఊళ్లో, ఏ తిథిన, ఎవరు, ఎందుకు చేస్తున్నారో చెప్పుకున్నాకే కదా పూజ మొదలయ్యేది. యాప్ తెరిచేముందు ఆ చివరి ప్రశ్న ఒక్కటి వేసుకుంటే చాలు, ఎందుకు?

యాప్ తీసేస్తే సరిపోదా అంటారా? దానికి జవాబు 59వ శ్లోకంలోనే ఉంది. ఉపవాసం ఉన్నవాడికి విషయాలు దూరమవుతాయి గానీ వాటి మీద రుచి పోదు, అంతకన్నా గొప్పది చూశాకే ఆ రుచీ పోతుందని. శని, ఆదివారాలు డిజిటల్ డిటాక్స్ చేసి సోమవారం రెట్టింపు చూసేవాళ్లు మన ఆఫీసుల్లో ఎంతమంది లేరు! ఖాళీ చేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి. ఒక ప్రవచనం మొదటి నుంచి చివరిదాకా, లేదా రోజూ పడుకునేముందు భాగవతం నాలుగు పేజీలు.

యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది కూడా చెరిపేయండి. హోమ్ పేజీ దాదాపు ఖాళీ అయిపోతుంది, ఏం కావాలో మీరే వెతుక్కోవాలి. ఆటోప్లే కూడా ఆఫ్ చేయండి. మా వీడియో అయ్యాక మా ఇంకో వీడియో దానంతట అదే మొదలవదు. మాకు వ్యూస్ తగ్గితే తగ్గనివ్వండి.