పుచ్చిన స్తంభము

చదువుకొనవలసిన భాగములు: నిర్గమకాండము 21:28–36, లేవీయకాండము 14:33–48, ద్వితీయోపదేశకాండము 22:8



నోటితో అబద్ధమాడని మనుష్యుడు అబద్ధికుడు కాగలడా? ఈ ప్రశ్న నాకు ఏ పుస్తకములోను ఎదురుకాలేదు. మా యింటి వసారాలో ఎదురైనది.

మా యిల్లు మా తండ్రిగారు కట్టించినది. ముందు వసారాకు నాలుగు కఱ్ఱ స్తంభములు, వాటిమీద దూలము, దూలముమీద వాసములు, పైన మంగళూరు పెంకులు. 1865లో బాసెల్ మిషనువారు మంగళూరులో పెట్టిన కార్ఖానావలన ఈ పెంకులకు పేరు వచ్చి, మన పల్లెల వరకు చేరినవి. ప్రతి గురువారము సాయంకాలము మా వీధివారి ప్రార్థనకూటము ఆ వసారాలోనే జరుగును. స్త్రీలు చాపలమీద కూర్చుందురు. ముసలివారు స్తంభములకు చేరగిలబడుదురు.

2022లో క్రిస్మసు పండుగకు ముందు, మెట్ల ప్రక్కనున్న స్తంభము అడుగున నల్లబడియుండుట చూచితిని. వ్రేలితో నొక్కగా లోపలికి పోయెను. పైన రెండు పెంకులు పగిలి, వాననీరు స్తంభము వెంబడి దిగుచుండెను. అప్పుడు నేనేమి చేసితిని? పండుగ దగ్గరపడినది, అల్లుడు వచ్చుచున్నాడు. కనుక గుంటలలో లప్పము కూరి, పైన నీలపు రంగు రెండు పూతలు పూసితిని. పండుగకు వచ్చినవారందరు వసారా కళగా ఉన్నదని మెచ్చుకొనిరి. నేను ఊరకుంటిని. తరువాత చేయించెదనని అనుకొంటిని. ఆ తరువాత అనునది రాలేదు.

2024 వానకాలములో ఒక గురువారము ప్రార్థన ముగిసెను. డెబ్బది యేండ్లు దాటిన మా వీధి పెద్దమ్మ లేచుటకు ఆ స్తంభమును పట్టుకొనెను. అది అడుగున విరిగి ప్రక్కకు జరిగెను. ఆమె మెట్లమీద పడెను. తక్కిన స్తంభములు దూలమును ఆపినందున కప్పు కూలలేదు. దేవునికి స్తోత్రము. గాని ఆమె మణికట్టు ఎముక విరిగి, ఆరు వారములు పిండికట్టుతో నుండవలసి వచ్చెను. ఆస్పత్రికి పోవు త్రోవలో ఆమె నాతో, "నీ తప్పేముంది నాయనా, పాత కర్ర గదా. నేనే చూసుకోకుండా పట్టుకున్నాను" అనెను.

ఆ మాట విని నేను తల ఎత్తలేకపోతిని. ఆమె చూచుకొనుటకు వీలులేకుండ చేసినవాడను నేనే. ఈ స్తంభము గట్టిదని నేను ఎవరితోను చెప్పియుండలేదు. గాని నేను పూసిన రంగు ఆ మాట రెండేండ్లు అందరితోను చెప్పుచుండెను.

ఆ రాత్రి బైబిలు తెరచి, పొడుచు ఎద్దును గూర్చిన విధిని చదివితిని. ఎద్దు ఒకని పొడిచి చంపినయెడల దాని యజమానుడు నిర్దోషి. అయితే అది పొడుచునదని ముందే అతనికి తెలియజేయబడియుండి, అతడు దానిని కట్టివేయకున్నయెడల దోషము అతనిదే. ఎద్దు ఒకటే, గాయము ఒకటే. భేదమంతయు తెలిసియుండుటలో నున్నది. మిద్దెకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞయు అట్టిదే. ఇశ్రాయేలీయుల మిద్దెలు చదునుగా నుండెను. మనుష్యులు వాటిమీద తిరుగుచుండిరి. పడినవాడు జాగ్రత్తగా నడచెనా లేదా అని ఆ ఆజ్ఞ అడుగదు. ఇంటివాడు ఏమి చేసెనని అడుగుచున్నది.

అయితే ఒకరు నన్ను ఇట్లు అడిగిరి: "ఇంటిలోని లోపములన్నియు వీధిలో చాటుకొనవలెనా? ప్రేమ తప్పులను కప్పునని పేతురు వ్రాయలేదా?" ఇది మంచి ప్రశ్న. ప్రేమ పొరుగువాని తప్పును వదంతులనుండి కప్పును. నేను నా తప్పును, దానివలన దెబ్బతినబోవు మనిషి కంటికి కనబడకుండ కప్పితిని. రెండును కప్పుటయే, గాని రెండును ఒకటి కావు. నా పెట్టె పుచ్చినయెడల అది నా సంగతి. పదిమంది ఆనుకొను స్తంభము పుచ్చినయెడల, ఆ సంగతి ఆనుకొనువారిది కూడ. పెండ్లి సంబంధములో దాచిన రోగము, సంఘపు లెక్కలలో దాచిన లోటు, ఇంటిల్లిపాదికి తెలియకుండ చేసిన అప్పు, ఇవన్నియు రంగు పూసిన స్తంభములే.

ఇక బాగుచేయుట. మా ఊరి వడ్రంగి పని వెదకుకొనుచు పట్టణమునకు వెళ్లిపోయెను. కనుక నేనును మా అబ్బాయియు పూనుకొంటిమి. విరిగిన స్తంభమును వెంటనే లాగివేయవలెనని మావాడు తొందరపడెను. పొరుగింటి తాపీమేస్త్రి అడ్డువచ్చి, "ముందు బరువు ఎవరు మోస్తారో చూసుకో బాబూ, తరవాత లాగు" అనెను. దూలము క్రింద రెండు సరుగుడు కఱ్ఱలు ఊతగా బిగించి, పిమ్మట దానిని తీసితిమి. తప్పిపోయినవానిని సరిదిద్దువారు సాత్వికముతో సరిదిద్దవలెననియు, ఒకరి బరువు ఒకరు మోయవలెననియు పౌలు గలతీయులకు ఒక్కచోటనే ఎందుకు వ్రాసెనో నాకు ఆ దినమున తెలిసెను. అప్పు దాచిన తండ్రిని నలుగురిలో నిలువబెట్టుట సులభము. ఆ యింటి బరువు ఎవరు మోయుదురని ముందుగా ఆలోచించువారు కొద్దిమంది.

మిగిలిన మూడు స్తంభములను ఉలితో గ్రుచ్చి, సుత్తితో తట్టి చూచితిమి. రెండు గణగణలాడెను. ఒకటి అడుగున బొద్దుగా పలికెను. అక్కడ మూరెడు పుచ్చు. పుచ్చినంత మట్టుకే కోసిన చాలదని, పైన మరియొక జానెడు మంచి కఱ్ఱ కూడ కోసి, క్రొత్త ముక్క అతికితిమి. గట్టివాటిని ముట్టలేదు. లేవీయకాండములో పొడ పుట్టిన యింటికి యాజకుడు చేయించినదియు ఇదియే. పొడ గల రాళ్లను ఊడదీయించి వేరు రాళ్లు పెట్టించును. అది మరల పుట్టినప్పుడే యిల్లు పడగొట్టించును. దాచుటయు లేదు, తొందరపడి కూల్చుటయు లేదు.

చివరకు పుచ్చుటకు కారణము వెదకితిమి. కఱ్ఱ ముసలిదైనందున పుచ్చదు. తడి నిలిచినచోట బూజు జాతి పుట్టి దానిని తినును. పొడిగా నున్న కఱ్ఱ తరతరములు నిలుచును. స్తంభపు అడుగు దీపపు వత్తివలె నీటిని పైకి పీల్చును. అందుకే మా తండ్రిగారు స్తంభములను రాతి దిమ్మెలమీద నిలిపిరి. కొన్నేండ్ల క్రిందట నేను వసారాకు ఎత్తుగా సిమెంటు గచ్చు చేయించి, ఆ దిమ్మెలను పూడ్చితిని. అందముకొరకు చేసినది స్తంభములను నీటిలో నిలువబెట్టెను. పగిలిన పెంకులు మార్చి, గచ్చు పగులగొట్టి, దిమ్మెలను మరల బయటికి తీసితిమి.

ఆస్పత్రి ఖర్చు నేనే పెట్టుకొంటిని. గాని డబ్బు కట్టినంత మాత్రమున నిజము చెప్పినట్లు కాలేదు. కట్టు విప్పిన తరువాతి గురువారము, కూటమందరి యెదుట, స్తంభము పుచ్చినదని నాకు రెండేండ్ల ముందే తెలియునని పెద్దమ్మతో చెప్పితిని. ఆమె కొంచెము సేపు నన్ను చూచి, "ఈ మాట రెండేళ్లు మోశావా నాయనా! నా చెయ్యి ఆరు వారాల్లో అతుక్కుంది గదా" అనెను.

క్రొత్త స్తంభమునకు నూనె మాత్రమే పట్టించితిమి. రంగు వేయలేదు. ఆనుకొనువారు ముందుగా చూచుకొనవచ్చును.