అత్తగారి సీటు

మా మామగారి పాత మారిస్ కారు తోలు సీట్లు బాగుచేద్దామని పోయిన ఎండల్లో నేనే కొంగు బిగించాను. తలకి మంచిదైన కొబ్బరినూనె తోలుకి మాత్రం చేదా అని పట్టించి రాశాను. మెరిసింది, నిజమే! వారం తిరిగేసరికి దుమ్మంతా అంటుకుని, కూచున్నవాళ్ళ చీరలకి జిడ్డు మరకలు.

ఇక లాభంలేదని పాతబస్తీలో సీట్లు కుట్టే ఓ పెద్దాయన్ని పిలిపించాం. ఆయన సబ్బునురుగులో ముంచి పిండిన గుడ్డతో ముందు జిడ్డంతా తీశాడు. ఎండ తగలనివ్వకుండా నీడనే ఆరబెట్టాడు. పగుళ్ళలో మెత్తటి లప్పంలాంటిది నింపి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, పలచగా పూతమీద పూత రంగు వేశాడు.

"జిడ్డు తీయకుండా రంగేస్తే నాలుగురోజుల్లో పొరలు లేస్తుందమ్మా. పగిలిన తోలు మళ్ళీ అతకదు. సందు నింపుతాం, అంతే" అన్నాడు.

చివరికి ముందుసీటు ఎడమవైపు అంచు దగ్గర ఆగాడు. మా అత్తగారు ఏళ్ళతరబడి కూచున్న చోటది. ఆవిడ గాజుల రాపిడికి గీతలు పడిపోయింది. "ఇదీ కొత్తదానిలా చేసెయ్యనా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

మర్నాడు చౌమహల్లా పాలెస్‌కి వెళ్ళాను. చక్కగా బాగుచేసినందుకు 2010లో యునెస్కో మెప్పు పొందిన భవనాలవి. అక్కడ 1912 నాటి పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ ఉంది. దాన్ని ముచ్చటపడి చేయించుకున్న ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్, అది చేతికి రాకముందే 1911లో పోయారు. తరవాత కూడా ఉత్సవాలకే తీసేవారట. ఎంత ధగధగలాడినా, చేయించినవాడు ఒక్కసారైనా కూచోని బండి! అరగకపోవడం కూడా అదృష్టమేనా అనిపించింది.

అరిగిందంటే ఎవరో బతికారన్నమాట. మా అత్తగారూ నేనూ కలిసి బతికాం. మాటామాటా అనుకోని వారం లేదు. నేను జ్వరంతో పడుంటే రాత్రంతా తడిగుడ్డ వేసిందీ ఆవిడే. పోయాక మాత్రం నలుగురిలో "మా అత్తగారు దేవత, పల్లెత్తుమాట అనేవారు కాదు" అంటున్నాను. ఇది గౌరవమా? జిడ్డు తీయకుండా వేసిన రంగా? అలా అన్నప్పుడల్లా నా గొంతే నాకు అతికినట్టుండదు.

బాగుచేయడం వేరు, కప్పిపెట్టడం వేరు. చిరుగు పెరగకుండా ఆపడం మన బాధ్యత. అసలు చిరగనేలేదనడం అబద్ధం. దేవతని చేసేస్తే, నాతో పోట్లాడి, నాకు తడిగుడ్డ వేసిన మనిషే మిగలదు.

పెద్దాయనతో చెప్పాను: కుట్టు ఊడకుండా లోపల గట్టి అతుకు వేయమని, గాజుల గీతలు ముట్టుకోవద్దని. ఆయన నవ్వి తలూపాడు.

ఇప్పుడా సీటులో మా కోడలు కూచుంటోంది. మొన్న గీతలేమిటని అడిగితే దాచకుండా అన్నీ చెప్పాను, పోట్లాటలతో సహా. "అయితే మనం నయమే అత్తయ్యా!" అంది.

నా గాజులు ఎక్కడెక్కడ గీస్తున్నాయో, ఆ పిల్లకి తెలియకపోతుందా!