లెక్కలలోని గుండె

ఆరాంఘర్ కూడలినుండి దక్షిణమునకు పోయినచో శంషాబాదు విమానాశ్రయము, ఉత్తరమునకు పోయినచో 1963లో తెరువబడిన నెహ్రూ జంతుప్రదర్శనశాల. ఈ రెండింటి నడుమ నొక ధర్మసందేహము నిలిచియున్నది.

విమానచోదకుడు ప్రయాణికుల నెక్కించుకొనుటకు ముందు, నేలమీదనే కృత్రిమ విమానమున కూర్చుండి తుపానులను, యంత్రభంగములను ఎదుర్కొన నేర్చును. అచట నెన్నిమారులు కూలినను ఎవ్వరును చావరు. ఔషధపరిశోధనయందును మూగజీవులను హింసింపక యిట్లే చేయరాదా యని దయాళువు లడుగుదురు.

ఈ యాశ వట్టిది కాదు. 1960లో డెనిస్ నోబుల్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు గుండెకణముయొక్క విద్యుత్స్పందనమును సమీకరణములుగా వ్రాసి కంప్యూటరుచే గణింపజేసెను. 1977లో మెకామన్, గెలిన్, కార్‌ప్లస్ అనువారు ఒక చిన్న ప్రోటీనులోని పరమాణువుల చలనమును న్యూటను సూత్రములచే లెక్కించిరి. మన హైదరాబాదుననే సి.సి.ఎం.బి. యాశ్రయమున జంతువులతో పనిలేని మానవదేహ నమూనాలకై యొక కేంద్రము వెలసినది. 2023లో భారతప్రభుత్వము క్రొత్త మందుల నియమములను సవరించి, జంతుపరీక్షలకు బదులుగా ఇతర పద్ధతులకును చోటిచ్చినది.

అయినను విమానమునకును దేహమునకును భేదము గలదు. విమానము మనుష్యుడు చేసినది. అందలి ప్రతి మరయు నతడెఱుగును. దేహము నతడు చేయలేదు. గణనము మన మిచ్చిన సూత్రముల ఫలమునే చెప్పును; మనము తెలియక విడిచినదానిని చెప్పజాలదు. ఆ విడిచిన తప్పు ఎచటికి పోవును? మందును మొట్టమొదట మ్రింగు మనుష్యునిపై పడును. అతడు తఱచుగా డబ్బునకై సంతకము చేసిన పేదవాడై యుండుట మనకు తెలియని సంగతి గాదు. ఎలుకను విడిచి పేదవానిని పట్టుకొను దయ దయయేనా?

కాని దీనిని సాకుగా గొని పాత హింసనే కొనసాగించుటయు తగదు. ఎలుకయు నొక నమూనాయే గదా! ఎలుకకు హాని చేయని మందు మనుష్యునకు హాని చేయుట కలదు. తెలిసినదానినే మరల చూచుటకై జీవిని కోయుట జ్ఞానాన్వేషణము గాదు, సోమరితనము. తెలియనిదానిని లెక్కించి తెలిసినట్లు చాటుట సాహసము. లెక్క తప్పిన చోట్లను దాపక ప్రకటించి, గణనము నడుగడుగున నిజమైన ఫలితములతో సరిచూచుటయే మధ్యమార్గము.

మన యింటిలోని ప్రతి మాత్రవెనుకను ఎవరో యొకరు హామీ పడియున్నారు. వారెవ్వరని యడుగుట శాస్త్రజ్ఞుల పని మాత్రమే గాదు. ఆ మాత్రను పసివాని నోట వేయు తల్లిదండ్రుల పనియు నగును.