దాత యెవరు?

పుదుచ్చేరి నుండి కడలూరు పోవు దారిలో కిరుమాంబాక్కము కలదు. దానికి చేరువనున్న బాహూరులో దొరకిన పల్లవ తామ్రశాసనము ఒక ధర్మసందేహమును లేవదీయుచున్నది. 9వ శతాబ్దమున నృపతుంగవర్మ తన 8వ పాలనావత్సరమున అచటి విద్యాస్థానమునకు మూడు గ్రామముల నొసగెను. రాజు పేరు శాసనమున నున్నది. అర్థించిన సామంతుని పేరున్నది. అక్షరములు చెక్కిన కంసాలి పేరును ఉన్నది. దున్నినవారు మాత్రము పేరులేనివారు.

రాజు వదలుకొన్నది తనకు రావలసిన పన్ను. అదియు త్యాగమే. కాని ఆ పన్ను కోటకు పోయిననేమి, పాఠశాలకు పోయిననేమి, కాపునకు రెండును ఒక్కటే. అతనిని అడిగినవారు లేరు. సమ్మతిలేని దానమునకు పుణ్యమెవరిది? నాట్టారు, అనగా ఆ సీమ పెద్దలు, ఆజ్ఞను శిరసావహించి ఎల్లలు చుట్టివచ్చి రాళ్ళు పాతిరి. అది సమ్మతియా, విధేయతయా? ఆ నడకను విధేయత యనుటయే న్యాయము. వలదనుటకు వీలులేనిచోట ఔననుటకు విలువ యెక్కడిది? (తెలుగునాట దానశాసనములు చదువువారికిని ఈ చిక్కు తప్పదు.)

ఆ సీమ భవితవ్యమును గూర్చి 1954 అక్టోబరు 18న కీళూరులో ఓటు జరిగినది. 178 మంది ప్రతినిధులలో 170 మంది భారతదేశమున విలీనమును కోరగా, 8 మంది వలదనిరి. ఆ ఎనిమిది ఓట్లును లెక్కింపబడినవి.