చెరకుతోటల చాకిరీ: ఒక ధర్మసందేహం

నరికిన చెరకు నిలవ ఉండదు. ఒకటి రెండు రోజుల్లో గానుగ ఆడకపోతే రసం పులిసి తీపి తగ్గిపోతుంది. చిత్తూరు జిల్లాలో బెల్లం వండే రైతులకు ఇది కొత్త సంగతి కాదు. ఒకరు గానుగకు చెరకు అందిస్తుంటే, మరొకరు ఎండిన పిప్పిని పొయ్యిలోకి ఎగదోస్తుంటారు. చేయి తిరిగిన మనిషి పాకం పదును చూసి పెనం దించమంటాడు. ఇంటివాళ్లు, నలుగురు కూలీలు ఉంటే పని జరిగిపోతుంది. చెరకు పండాలంటే బానిసలు ఉండి తీరాలన్న నియమం ఏ నేలలోనూ లేదు. ఆ అవసరాన్ని పుట్టించింది తోటల వ్యాపారం.

1640ల నుంచి బార్బడోస్ దీవిలో ఇదే పని దూరదేశాల మార్కెట్ల కోసం వందల ఎకరాల్లో సాగింది. పగలంతా చెరకు నరికిన బానిసలే రాత్రి వంతుల్లో గానుగ దగ్గర నిలబడేవారు. నిద్రమత్తులో ఎవరి చేయైనా రోలర్ల మధ్య చిక్కితే, మనిషిని మొత్తంగా లాగేసుకోకముందే చేయి నరకడానికి పక్కనే గొడ్డలి ఉంచేవారు. మూడున్నర శతాబ్దాల్లో బానిసలుగా ఓడలెక్కించిన ఆఫ్రికన్లు సుమారు 1.25 కోట్ల మంది. దిగినవారిలో అత్యధికులు చేరింది బ్రెజిల్‌కూ కరీబియన్ దీవులకూ. అక్కడ వారి శ్రమను అన్నిటికంటే ఎక్కువగా మింగింది చక్కెరే.

ఈ వ్యాపారంలో మతమూ వాటా పుచ్చుకుంది. క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ 1710లో చనిపోతూ బార్బడోస్‌లోని తన తోటలను బానిసలతో సహా ఆంగ్లికన్ మిషనరీ సంస్థ ఎస్.పి.జి.కి రాసిచ్చాడు. ఆ తోటల్లోని బానిసల రొమ్ము మీద ‘సొసైటీ’ అని కాల్చిన ఇనుముతో వాత పెట్టేవారు. ఇదే సంస్థ తర్వాతి కాలంలో కడప, కర్నూలు జిల్లాల్లో బడులు, చర్చిలు కట్టింది. బాప్తిస్మం ఆత్మకు విముక్తి ఇస్తుందే గాని ఒంటికి కాదన్నది ఆనాటి తోటల దొరలకు అనుకూలించిన బోధ. అయితే ఎదురు తిరిగిన తొలి గొంతుల్లోనూ భక్తులవే ఎక్కువ. క్వేకర్లు బానిస వ్యాపారాన్ని పాపమన్నారు. 1791 తర్వాత ఇంగ్లండులో సుమారు 3 లక్షల మంది వెస్టిండీస్ చక్కెర మానేశారని థామస్ క్లార్క్‌సన్ అంచనా కట్టాడు. కొందరు దాని బదులు ‘బానిసలు చేయనిది’ అన్న ముద్రతో ఇండియా చక్కెర కొన్నారు. ఈస్టిండియా కంపెనీ పాలనలోని ఇండియాలోనూ బానిసలున్నారనీ, వారి గురించి చట్టం 1843 దాకా రాలేదనీ ఆ కొనుగోలుదారుల్లో ఎందరు ఆలోచించారో!

బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 చట్టంతో బ్రిటన్ యజమానులకు రెండు కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. బానిసలకు దమ్మిడీ రాలేదు. మారిషస్‌లో 1835 ఫిబ్రవరిలో బానిసత్వం రద్దయింది. అంతకు ముందే, 1834 నవంబరు 2న, ‘అట్లాస్’ ఓడలో ఇండియా నుంచి ఒప్పంద కూలీలు దిగారు. కోరంగి రేవు నుంచి తెలుగువారూ ఆ దీవికి వెళ్లారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి అలాంటి కూలీలతో ‘ట్రూరో’ ఓడ దక్షిణాఫ్రికాలో నెటాల్ సీమలోని డర్బన్ చేరింది. 1911 దాకా నెటాల్ వెళ్లిన సుమారు 1,52,000 మందిలో మూడింట రెండు వంతులు మద్రాసులో ఓడెక్కినవారే. వారిని ఎక్కువగా పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. కుప్పం సీమ అప్పట్లో కంగుంది జమీందారీగా ఆ జిల్లాలోనే ఉండేది. పుంగనూరు జమీందారీ కూడా అందులోదే. మదనపల్లె కడప జిల్లా కింద ఉండేది. 1876–78 నాటి ధాత కరువు ఈ సీమలన్నిటినీ ఎండగట్టింది.

నెటాల్ ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏడాదికో షిల్లింగు పెంపు. పనికి రాకపోయినా, చీటీ లేకుండా తోట దాటినా జైలు. గడువు తీరాక మళ్లీ ఒప్పందం రాయకుండా అక్కడే ఉండదలిస్తే, 1895 చట్టం ప్రకారం ఏటా మూడు పౌండ్ల పన్ను. ఇంతకూ ఆ కూలీ ఒప్పందం మీద వేలిముద్ర వేశాడు కదా, మరి అతడు బానిస ఎలా అవుతాడు?

మన పాత ధర్మశాస్త్రాల్లో ఒకటైన నారదస్మృతి పదిహేను రకాల దాసులను లెక్కపెట్టింది. కరువులో మరొకరు అన్నం పెడితే బతికినవాడు వారిలో ఒకడు. ఒక జత పశువులిస్తే అతడికి విడుదల. తనను తాను అమ్ముకున్నవాడు వేరు. అతడు అందరిలో అధముడు, విడుదల లేనివాడు. స్మృతి రెంటినీ విడదీసింది సరే. కరువు ఏట వేలిముద్ర వేసినవాణ్ని ఏ వరసలో నిలబెట్టాలి? తోట యజమాని అతణ్ని రెండో వరసలో నిలబెట్టాడు. నిజానికి అతడు మొదటి వరసవాడు.

ఈస్టిండియా కంపెనీలో దశాబ్దాలు కొలువు చేసిన జాన్ స్టూవర్ట్ మిల్, స్వేచ్ఛ పేరుతో స్వేచ్ఛనే అమ్ముకునే ఒప్పందం చెల్లదని 1859లో వాదించాడు. మరుసటి ఏడే ‘ట్రూరో’ బయలుదేరింది. ఒప్పంద పద్ధతిని సమర్థించేవారికీ ఒక జవాబుంది: ఇది ఐదేళ్ల మాటే, జీవితకాలానిది కాదు. ఆ తేడాను కొట్టిపారెయ్యలేం. కూలీ బిడ్డ బానిసగా పుట్టడు, ఆలుమగలను విడదీసి వేలం వేయరు. అయితే సమ్మతికి విలువ రావాలంటే వద్దనే దారి కూడా ఉండాలి. గింజలు లేని ఇంట్లో ఆ దారి లేదు. దీన్ని పూర్వకర్మ అనడమూ కుదరదు. పడేవాడి బాధకు కర్మ కారణం చెబుతుందేమో గాని, పెట్టేవాడి తప్పును మాఫీ చెయ్యదు.

1912లో గోఖలే ఈ పద్ధతిని రద్దు చేయాలని పెట్టిన తీర్మానం శాసనమండలిలో వీగిపోయింది. 1917లో కూలీల ఎగుమతి ఆగింది. ఇలాంటి కూలీలే వెళ్లిన ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి. భారత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో 1982 సెప్టెంబరు 18న సుప్రీంకోర్టు ఆ అధికరణానికి అర్థం చెబుతూ, ఆకలికి తలొగ్గి కనీస వేతనం కంటే తక్కువకు చేసే పని కూడా బలవంతపు చాకిరీయేనని తీర్పిచ్చింది.