తెలియక ఇచ్చిన మందు

ఒకరి మేలు కోరి చేసిన పని కీడుగా పరిణమించినపుడు ఆ కీడునకు బాధ్యులెవ్వరు? మేలు కోరినవాడు నిర్దోషియని లోకము సాధారణముగా తీర్పు చెప్పును. ‘పాపము, మంచికే చేసినాడు’ అను ఒక్క మాటతో ఎన్నో దుఃఖములు మరుగున పడిపోవుచున్నవి. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో విచారించుటకు చెట్టుమందుల వ్యవహారము తగిన విషయము. ఏలయన అచట ఇచ్చువాని మనస్సు తరచుగా నిర్మలమైనదే. ఇచ్చిన వస్తువు మాత్రము ఎల్లప్పుడు అట్టిది కాదు.

వరంగల్లు జిల్లాలోని నర్సంపేటకు చేరువనే పాకాల చెరువును, దానిని చుట్టిన అడవియు గలవు. చెరువు 13వ శతాబ్దమున కాకతీయ గణపతిదేవుని కాలమున కట్టబడినది. అడవి 1952లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. తరతరములుగా ఆ ప్రాంతపు జనులకు అడవియే మందుల కొట్టు. తిప్పతీగ, నేలవేము, నల్లేరు, మోదుగ బెరడు మొదలగువాని గుణములు ప్రతి యింట నొక పెద్దమ్మకైనను తెలిసియుండెడివి. ఇది హేళన చేయదగిన విద్య కాదు. వైద్యుడు ఇరువది మైళ్ళ దూరముననున్న కాలమున ఎందరి ప్రాణములనో అది నిలిపినది. అయితే ఆ విద్య సన్నగిల్లుచున్నకొలది దాని స్థానమున ఒక నమ్మకము బలపడుచున్నది: ‘చెట్టుమందే గదా! పనిచేసిన చేయును, లేకున్న హాని యేమి?’ చిక్కంతయు ఈ మాటలోనే యున్నది.

చెట్టు మన కొరకు పుట్టలేదు. పురుగు వచ్చినను, మేక వచ్చినను అది లేచి పరుగెత్తజాలదు. కావున నిలిచిన చోటనే తన్ను తాను కాపాడుకొనుటకు ఆకులోను, వేరులోను, గింజలోను చేదును, విషమును కూర్చుకొన్నది. మనము మందు అని పిలుచు సారము పెక్కు చెట్లయందు ఈ ఆత్మరక్షణ సాధనమే. గన్నేరును పశువులు ముట్టవు. అందువలననే దానిని కంచెగా నాటుదురు. గుండె నడకను తారుమారు చేయు ద్రవ్యములు దాని ప్రతి భాగమునను గలవు. ఉమ్మెత్తలో అట్రోపిన్, స్కోపోలమిన్ అను క్షారములు గలవు. వాని పరిమాణము చెట్టుకు చెట్టుకు, ఋతువుకు ఋతువుకు మారుచుండును. నిన్న ఒకనికి ఒక ఆకు సరిపోయినదని నేడు మరియొకనికి ఒక ఆకే చాలునని చెప్పుటకు వీలులేదు. గన్నేరు, ఉమ్మెత్త రెండును శివార్చనకు వచ్చు పూలే. స్వామి శిరస్సున నుంచదగిన పువ్వు అగుటచేత అది మన కడుపులోనికి పోదగినదను నియమమేదియు లేదు.

మన పెరళ్ళలోని బిళ్ళగన్నేరు సంగతి ఇంకను విచిత్రమైనది. అది మధుమేహమునకు మంచిదను జనశ్రుతిని పరీక్షింపబోయిన కెనడా శాస్త్రజ్ఞులు 1950ల చివర మరియొకటి కనుగొనిరి. ఆ ఆకు సారమిచ్చిన జంతువుల రక్తములో తెల్లకణములు పడిపోయినవి. ఆ పరిశోధన ఫలితముగా వింబ్లాస్టిన్ వెలువడినది. పిదప అదే మొక్కనుండి వచ్చిన విన్‌క్రిస్టిన్ రక్తపు కేన్సరు సోకిన పసిపిల్లలను నేటికిని బ్రదికించుచున్నది. కాని దానిని మిల్లీగ్రాముల లెక్కన తూచి, రక్తపరీక్షలు చేయుచు ఇత్తురు. చక్కెర వ్యాధికని ప్రతి ఉదయము అదే ఆకును గుప్పెడు నమలువారు ఈ రెండవ కథ వినియుండరు.

ఇంతకును, చెట్టుమందు హాని చేయదను మాట మన పూర్వుల మాట కానేకాదు. ఆయుర్వేదము నాభిని విషమనియే చెప్పినది. అడవినాభి, గన్నేరు, గురివింద, ఉమ్మెత్త మొదలగువానిని ఉపవిషములలో చేర్చినది. శుద్ధి చేయక వాడరాదని శాసించినది. నాభిని నీటిలోనో, పాలలోనో చాలసేపు ఉడికించినచో దాని విషము విరిగి చాలవరకు తగ్గునని నేటి రసాయనశాస్త్రమును అంగీకరించుచున్నది. శరణులలో వైద్య సంగణ్ణ వైద్యమునే కాయకముగా గైకొన్నవాడు. కాయకమనగా చేతినిండ పని యుండుట మాత్రమే కాదు గదా. చేయు పనిని ఎరిగి చేయుట అందులోని మొదటి భాగము. హాని లేదను ధీమా అంగడిలో పుట్టినది. తాళపత్రములలో పుట్టినది కాదు.

ఎరుకకును దోషమునకును గల సంబంధమును మన న్యాయశాస్త్రము చక్కగా పట్టుకొన్నది. అడవి ఆముదపు గింజలు తిని బడిపిల్లలు ఆసుపత్రి పాలైన వార్తలు తెలుగు పత్రికలలో తరచుగా వచ్చుచుండును. ఒక పిల్లవాడు ఆ గింజలను కోసి తెచ్చి తోటివారికి పంచినాడనుకొందము. ఏడేండ్లలోపు బిడ్డ చేసినది నేరమే కాదని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పినది. ఏడు మొదలు పండ్రెండేండ్ల లోపువానికి తన పని యొక్క ఫలితము తెలిసికొనదగిన పరిపక్వత కలదా యని చూడుమన్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితయు 20, 21 సెక్షన్లలో దీనినే నిలిపినది. పదునెనిమిదేండ్లు నిండనివారికి దండనకంటె దిద్దుబాటు ముఖ్యమని బాలల న్యాయచట్టములు చెప్పుచున్నవి. గింజలు పంచిన పిల్లవానిని ఎవరును దోషి యనరు. తెలిసికొను శక్తియే వానికి లేదు.

మరి పెద్దవాని మాట? ఇచట ఆ శాస్త్రమే గొంతు మార్చును. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండ చేసినది సద్భావముతో చేసినట్లు కానేరదని పాత స్మృతి 52వ సెక్షను. నేటి సంహితలోను ఆ నిర్వచనము కలదు. అనగా మంచి మనస్సు ఒక్కటియే సద్భావము కాదు. 1887లో కలకత్తా హైకోర్టు ఎదుట నిలిచిన కవిరాజు మూలవ్యాధికి మామూలు కత్తితో కోతపెట్టగా రోగి రక్తము కారి మరణించెను. అంతకుముందు ఆయన అట్టి చికిత్సలు చేసి నయము చేసినవాడే. అయినను సద్భావమను రక్షణ ఆయనకు దొరకలేదు. 1965లో సుప్రీంకోర్టుకు వచ్చిన వ్యాజ్యము మన విషయమునకు మరింత దగ్గరిది. మధ్యప్రదేశములో ఒక హోమియో వైద్యుడు నారికురుపుతో బాధపడుచున్న స్త్రీకి ఉమ్మెత్త సారపు చుక్కలును, ఉమ్మెత్త ఆకును ఇచ్చెను, ఆమె మరణించెను. ఇది హత్య కాదు, కాని ఫలితమును విచారింపక విషద్రవ్యము నిచ్చుట నిర్లక్ష్యపు నేరమేయని న్యాయస్థానము తేల్చినది. తెలంగాణమున నారికురుపుతో మంచమెక్కినవారిని చూచిన పెద్దలు నేటికిని గలరు. ఆమె ఆ వైద్యుని గడప ఎందుకు త్రొక్కెనో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఉమ్మెత్త గంటలలో చంపును గనుక దాని కీడు పూర్వులకు తెలిసినది. ఏండ్ల తరువాత చంపునది అనుభవమునకు అందదు. 1990ల మొదట బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో సన్నబడుటకు మందు తీసికొన్న స్త్రీలకు మూత్రపిండములు చెడిపోజొచ్చినవి. విచారింపగా ఒక చైనా మూలికకు బదులు దానివంటి పేరేగల ఈశ్వరి జాతి మొక్క ఆ మందులో కలిసినట్లు తేలినది. బాధితులు వందకు మించిరి. కొందరికి మూత్రకోశములలో కేన్సరును పుట్టినది. ఆ జాతి మూలికలు గల మందులు మానవులకు కేన్సరు కలిగించునని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2002లో ప్రకటించినది. మన ఈశ్వరి వేరును, గాడిదగడపాకును ఆ జాతివే. పాము కాటునకో, కడుపు నొప్పికో తాత ఇచ్చిన ఈశ్వరి వేరు ఇరువది యేండ్లకు మనుమని మూత్రపిండమును చెరచినచో ఆ రెంటికి ముడి పెట్టుట ఏ పల్లెవైద్యునికి సాధ్యము? ఆ తాతను తప్పుపట్టుట అన్యాయము. తెలిసికొను దారియే ఆనాడు లేదు.

ఆ దారి ఏర్పడిన పిదప మాత్రము న్యాయము మారును. అదియును అందరికి సమానముగా మారదు. పాకాల అంచున నున్న కోయ వైద్యునికి ఆ ప్రకటన చేరియుండదు. అదే వేరును చూర్ణము చేసి, సీసాలకెక్కించి, రంగుల చీటీ అంటించి వేలకొలది అమ్మువానికి రసాయనశాలయు, చదువరులైన ఉద్యోగులును గలరు. ఇరువురి అజ్ఞానము పేరునకు ఒక్కటియే. బరువు ఒక్కటి కాదు. మొదటివాడు చెప్పువారు లేక తెలియనివాడు. రెండవవాడు అడిగిన వ్యాపారము చెడునని అడగనివాడు.

చెప్పవలసినవారి మాటయు చూడవలెను. విషమూలికలతో చేసిన ఆయుర్వేద ఔషధముల సీసాపై ‘జాగ్రత్త, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను’ అను హెచ్చరికను స్పష్టముగా ముద్రింపవలెనని ఔషధ నియమములలో 161వది విధించుచున్నది. ఏ భాషలో ననగా ఆంగ్లమునను, హిందీలోను. నర్సంపేట అంగడిలో ఆ సీసా కొను అవ్వ తెలుగు కూడబలుక్కొని చదువగలదు; ఆ రెండు భాషలును ఆమెకు గీతలే. గోతము పరచి కుప్పలుగా అమ్ము వేళ్ళకు ఆ చీటీయు లేదు. ఆమెకు చీటీ చదివి చెప్పువాడు కొట్టువాడొక్కడే.