శరణాగతి - స్వప్రయత్నము

భగవంతుని శరణు పొందినవాడు తన శరీరమును గూర్చి తాను శ్రమింపవచ్చునా? శ్రమించినచో అది విశ్వాసలోపమగునా? ఈ ప్రశ్న పండితగోష్ఠులలోనే కాదు, రోగి మంచమువద్ద కూడ పుట్టుచుండును.

ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధి. అచట గుంటమగ్గమున కూర్చుండు నేతగాని చేతులకెంత పనియో కాళ్ళకును అంతే పని. గుంటలోని పలకలను పాదములతో మార్చి మార్చి త్రొక్కినగాని పడుగు విచ్చుకొనదు, పేక సాగదు. అట్టివాని మోకాటి నడుమనుండు లిగమెంటు అను బంధనము తెగినదనుకొందము. శస్త్రవైద్యుడు తరచుగా అతని తొడనుండియే కొంత స్నాయువును గ్రహించి, తెగినదానికి మారుగా అమర్చును. ఈ పని ఒక పూటలో ముగియును. కాని ఆ స్నాయువు బంధనముగా మారుటకు మాసములు పట్టును. మొదటి వారములలో అది బలపడుటకు బదులు కొంత బలహీనపడి, క్రొత్త రక్తనాళములు ప్రవేశించిన పిదప క్రమముగా దృఢమగును.

ఆ కాలమున చేయవలసిన వ్యాయామము చూచుటకు అల్పము. మోకాలిని పూర్తిగా చాచుట, తొడకండరమును బిగించి వదలుట, చాచిన కాలిని పైకెత్తుట, వైద్యుడనుమతించిన మేరకు వంచుట, కొంతకాలమునకు ఒంటికాలిపై నిలుచుట. ఇందు రెండు దోషములకు తావు కలదు. నొప్పికి వెరచి మానినచో కీలు బిగిసి, కండరము క్షీణించును. నొప్పి తగ్గినదని తొందరపడినచో పక్వము కాని స్నాయువు మరల తెగవచ్చును. ఆటగాండ్రను సైతము తొమ్మిది మాసములకు ముందు మైదానమునకు పంపుటకు వైద్యులు సాధారణముగా వెనుకాడుదురు. నేతగానికి ఈ మర్మము క్రొత్తది కాదు. అతికిన పడుగుపోగును అతడు వదులుగా విడువడు, వెంటనే గట్టిగా లాగడు. గీత ఆరవ అధ్యాయమున భగవానుడు ఆహారవిహారములందు విధించిన మితము ఇట్టిదే.

ఇక శరణాగతి మాట. శ్రీవైష్ణవ సంప్రదాయమున రెండు దృష్టాంతములు కలవు. కోతిపిల్ల తానే తల్లిని పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. పిల్లికూనవలె ఉండగోరువానికి వ్యాయామమేల అని అడుగవచ్చును. కాని ఆ దృష్టాంతము మోక్షోపాయమును గూర్చినది. ఉపాయము భగవంతుడే అన్న ఆచార్యులును కైంకర్యమును విడువలేదు. కైంకర్యము ఫలమునకై చేయు బేరము కాదు. స్వామి సొత్తును దాసుడు కాపాడుట కూడ అందులోనిదే. శరీరము స్వామిదని నమ్మినవానికి మోకాలును స్వామిదే. దానిని పాడుపెట్టుటకు అతనికి హక్కెక్కడిది? శ్రీవారి కొండ క్రింద, తిరుపతిలో, దేవస్థానము వారు 1985లో బర్డ్ ఆసుపత్రిని నెలకొల్పి వికలాంగులకు శస్త్రచికిత్సను, పునరావాసమును సమకూర్చుటలోని భావమును ఇదియే.

అయినను చేయవలసినదంతయు చేసినవారిలో కొందరికి పూర్వపు బలము రాదు. శరణాగతికి గట్టి పరీక్ష అచటనే. తిరుమల కాలిబాటలో మోకాళ్ళ మెట్టు కలదు. ఆ కొండను పాదములతో త్రొక్కుటకు వెరచి భగవద్రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరని ఐతిహ్యము. అట్లు ఎక్కజాలనివాడు వాహనముపై వచ్చినను స్వామి దర్శనమున కొరత లేదు. అతడు అర్పింపవలసినది మోకాటి బలమును కాదు, తన ప్రయత్నమును.

ధర్మవరమున చెన్నకేశవుని సేవించు గృహస్థు, తొడకండరమును బిగించునప్పుడెల్ల కేశవాది ద్వాదశనామములను లెక్కగా పెట్టుకొనవచ్చును. వ్యాయామమును సాగును, నామమును సాగును. ఫలమును స్వామికి విడుచుట అప్పుడు కష్టము కాదు.